ఇన్లాండె: సముద్రం లేని నార్వే కౌంటీకి ఎన్ని మ్యాపులు?

నార్వే అనగానే ముందు గుర్తొచ్చేది సముద్రమే. కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన ఫ్యోర్డులు, చేపల పడవలు, ఒడ్డు వెంట ఎర్ర రంగు చెక్క ఇళ్లు. ఆ దేశంలో ఇప్పుడున్న 15 కౌంటీల్లో 14 కౌంటీలకు ఎక్కడో ఒకచోట ఉప్పునీరు తగులుతుంది. తగలనిది ఒక్కటే, ఇన్లాండె. పేరుకు అర్థమే 'లోపలి నేల'. రాసేటప్పుడు చివర ఒక 'ట్' ఉంటుంది కానీ దాన్ని పలకరు.

సముద్రం లేదు కాబట్టి మ్యాపు తేలికగా ఉంటుందని అనుకోవచ్చు. నేనూ అలాగే అనుకుని మొదలుపెట్టాను. రెండో పేజీకే తల తిరిగింది. ఒకచోట ఇన్లాండె అని ఉంటే ఇంకోచోట హెడ్‌మార్క్, ఒప్‌లాండ్ అని రెండు పేర్లు కనిపిస్తాయి. ముఖ్య పట్టణం హామర్ అని ఒకరు రాస్తే, ప్రభుత్వ ప్రతినిధి కార్యాలయం లిల్లెహామర్‌లో ఉందని మరొకరు రాస్తారు. అక్కడివాళ్లను మీదే ఊరని అడిగితే కౌంటీ పేరే ఎత్తరు, 'మాది వల్‌డ్రెస్' అనో 'టోటెన్' అనో చెబుతారు. ఇవి ఏ మ్యాపులోనూ జిల్లాలు కావు. వీటిలో ఏదీ తప్పు కాదు. ఒకే నేల మీద నాలుగైదు మ్యాపులు ఒకదానిపై ఒకటి పరిచి ఉన్నాయి, వాటి గీతలు కలవవు. అంతే చిక్కు.

ముందు నేల సంగతి. ఇన్లాండె వైశాల్యం సుమారు 52,000 చదరపు కిలోమీటర్లు, నార్వే ప్రధాన భూభాగంలో దాదాపు ఆరో వంతు. జనం మాత్రం 3,70,000 చిల్లర. దేశంలోకెల్లా ఎత్తైన శిఖరం గాల్‌హోపిగ్గెన్, 2,469 మీటర్లు, ఇక్కడే లోమ్ మున్సిపాలిటీలో ఉంది. దేశంలోకెల్లా పెద్ద సరస్సు మ్యోసా కూడా ఎక్కువ భాగం ఇక్కడిదే. దక్షిణపు కొస మాత్రం పక్కనున్న ఆకెర్స్‌హూస్ కౌంటీలోకి వెళ్తుంది. మ్యోసా నీటిమట్టం సముద్రమట్టానికి సుమారు 120 మీటర్ల పైన ఉంటుంది, లోతు సుమారు 450 మీటర్లు. అంటే సముద్రం తగలని ఈ కౌంటీలో సరస్సు అడుగు సముద్రమట్టానికి 300 మీటర్లకు పైగా కిందికి దిగి ఉంది! మంచుయుగంలో హిమానీనదాలు లోయను అంత లోతుగా తొలిచేశాయి.

ఫ్యోర్డు అనే మాటతోనూ జాగ్రత్తగా ఉండాలి. సముద్రం లేకపోయినా ఈ కౌంటీ నిండా ఫ్యోర్డులే. రాన్స్‌ఫ్యోర్డెన్ అనేది దేశంలో నాలుగో పెద్ద సరస్సు, అందులో ఉన్నది మంచినీళ్లు. తూర్పు నార్వేలో పొడుగ్గా, సన్నగా ఉన్న సరస్సును కూడా ఫ్యోర్డే అంటారు. పేరు చూసి తీరం ఉందనుకుంటే పొరపాటు పడ్డట్టే.

ఇక లోయలు. ఈ కౌంటీ అర్థం కావాలంటే నీళ్లు ఎటు పారుతున్నాయో చూడాలి. వాయవ్యం నుంచి ఆగ్నేయానికి దిగే గుడ్‌బ్రాన్స్‌డాలెన్ లోయలో లోగెన్ నది వచ్చి లిల్లెహామర్ దగ్గర మ్యోసాలో కలుస్తుంది. దానికి తూర్పున ఓస్టర్‌డాలెన్, అంటే 'తూర్పు లోయ'. దేశంలోకెల్లా పొడవైన నది గ్లొమ్మా ఈ లోయ గుండానే దిగుతుంది. పడమట వల్‌డ్రెస్ లోయ నీళ్లు బేగ్నా నదిగా దక్షిణానికి పారి చివరికి డ్రామెన్ దగ్గర సముద్రం చేరతాయి. స్వీడన్ సరిహద్దులోని త్రీసిల్ లోయది ఇంకో దారి. అక్కడి నది సరిహద్దు దాటి క్లారెల్వెన్ అని పేరు మార్చుకుని, స్వీడన్‌లోని వెనర్న్ సరస్సులో కలిసి, గోథెన్‌బర్గ్ దగ్గర సముద్రంలో పడుతుంది. ఒకే కౌంటీలో కురిసిన వాన రెండు దేశాల తీరాలకు పోతుంది.

అన్నిటికన్నా నాకు నచ్చింది లేష్యాస్కూగ్స్‌వాట్నె. గుడ్‌బ్రాన్స్‌డాలెన్ ఎగువ కొసన, సుమారు 610 మీటర్ల ఎత్తున ఉన్న సరస్సు ఇది. దీనికి రెండు చివర్లా నీళ్లు బయటికి పోతాయి. పడమటి వైపు పోయినవి రౌమా నదిగా దూకుతూ ఓన్దాల్స్‌నెస్ దగ్గర పశ్చిమ తీరం చేరతాయి. తూర్పు వైపు పోయినవి లోగెన్‌గా మారి, మ్యోసాలో కలిసి, అక్కడినుంచి వోర్మా, గ్లొమ్మా నదుల మీదుగా ఫ్రెడ్రిక్‌స్టాడ్ దగ్గర సముద్రంలో పడతాయి. సాధారణంగా రెండు నదుల మధ్య విభజన రేఖ ఏ కొండ కొమ్ము మీదో ఉంటుంది. ఇక్కడ అది ఒక సరస్సులోనే ఉంది.

పశ్చిమ తీరంలో కుండపోతగా కురిసే వాన ఈ కొండలు దాటి రాలేదు. అందుకే లోమ్ పక్కనున్న షోక్‌లో ఏడాదికి 300 మిల్లీమీటర్లు కూడా పడదు, నార్వేలో బాగా పొడి ప్రాంతాల్లో అదొకటి. మంచు దేశంలో పంటకు నీటి ఎద్దడి అంటే వింతగా ఉంటుంది గానీ, అక్కడి రైతులు కొన్ని శతాబ్దాల కిందటే కొండ మీది నీళ్లను చెక్క దోనెలతో, సన్నని కాలువలతో పొలాలకు తెచ్చుకున్నారు. మ్యోసా చుట్టూ మాత్రం మంచి సాగు నేల, ధాన్యం, బంగాళాదుంప బాగా పండుతాయి. తూర్పంతా అడవి. ఆ అడవుల్లోకి 17వ శతాబ్దంలో ఫిన్లాండ్ నుంచి వచ్చిన కుటుంబాలు చెట్లు కొట్టి, కాల్చి, ఆ బూడిదలో రై పండించాయి. మన పోడు లాంటిదే. వాళ్లు ఉన్న ప్రాంతాన్ని ఇప్పటికీ ఫిన్‌స్కూగెన్, అంటే 'ఫిన్నుల అడవి' అంటారు. అది నార్వే, స్వీడన్ రెండింటిలోనూ ఉంది. వాళ్ల వారసులకు నార్వేలో జాతీయ అల్పసంఖ్యాక వర్గంగా గుర్తింపు ఉంది.

లోయలన్నీ ఉత్తర దక్షిణాలుగా ఉండటంతో దారులూ అలాగే పడ్డాయి. రైలు ఒకటి గుడ్‌బ్రాన్స్‌డాలెన్ వెంట పైకి పోతుంది, ఇంకొకటి ఓస్టర్‌డాలెన్ వెంట, మరొకటి ఓస్లో నుంచి మ్యోసా పడమటి ఒడ్డున ఉన్న యోవిక్ దాకా. అన్నీ రాజధాని వైపు చూసేవే. పక్క లోయకు అడ్డంగా పోయే సౌకర్యం తక్కువ. ఆలోచిస్తే కౌంటీ రాజకీయాల్లో సగం గొడవ ఇక్కడే పుట్టింది. పాలన గీతలు అడ్డంగా కలపాలని చూస్తాయి, మనుషులు నిలువుగా ప్రయాణిస్తారు.

ఇప్పుడు పాలన సంగతి. ఒకప్పుడు ఈ ప్రాంతమంతటినీ కలిపి ఒప్‌లాండెనె అనేవారు. 1150ల మొదట్లో పోపు దూతగా వచ్చిన ఇంగ్లండ్ మతాధికారి నికొలస్ బ్రేక్‌స్పియర్ హామర్‌లో బిషప్ పీఠం పెట్టించాడు. తర్వాత ఆయనే నాలుగో ఏడ్రియన్ పోపు అయ్యాడు. 1567లో స్వీడన్ సైన్యం హామర్‌ను ధ్వంసం చేసింది. అప్పటి కథీడ్రల్ శిథిలాలు ఇప్పుడు పెద్ద గాజు కప్పు కింద భద్రంగా ఉన్నాయి. ఊరు మళ్లీ పట్టణంగా లేచింది 1849లో. డెన్మార్క్ రాజుల పాలనలో, 1757లో ఆకెర్స్‌హూస్ నుంచి విడదీసి ఒప్‌లాండెనెస్ అమ్త్ అనే పాలనా విభాగం చేశారు. 1781లో దాన్ని రెండు ముక్కలు చేశారు. తూర్పుది హెడెమార్కెన్స్, పడమటిది క్రిస్టియాన్స్. 1919లో 'అమ్త్' అనే డేనిష్ మాట తీసేసి 'ఫ్యూల్కె' అనే పాత నార్వే మాట పెట్టినప్పుడు ఇవే హెడ్‌మార్క్, ఒప్‌లాండ్ అయ్యాయి. ఫ్యూల్కెనే మనం కౌంటీ అంటున్నాం.

ఆ రెండింటినీ 2020 జనవరి 1న కలిపేసి ఇన్లాండె చేశారు. కొత్తగా కలిపారని అంటారు గానీ, 239 ఏళ్ల కిందట విడిపోయినవే మళ్లీ కలిశాయి. 2017లో నార్వే పార్లమెంటు స్టోర్టింగ్ తీసుకున్న నిర్ణయం ఇది. అప్పటిదాకా దేశంలో 19 కౌంటీలుంటే అవి 11 అయ్యాయి. పాలన దగ్గర కావాలంటే జిల్లాలు చిన్నవి చేయాలని 2016లో తెలంగాణ, 2022లో ఆంధ్రప్రదేశ్ అనుకున్నాయి. నార్వే సరిగ్గా దానికి తిరగేసి ఆలోచించింది. కౌంటీకి ఎక్కువ పనులు అప్పగించాలంటే ముందు అది పెద్దదవ్వాలన్నది అప్పటి ప్రభుత్వ వాదన.

ఇక్కడ చిన్న లెక్క. హెడ్‌మార్క్‌లో 22 మున్సిపాలిటీలు, ఒప్‌లాండ్‌లో 26. కలిపితే 48 రావాలి, ఇన్లాండెలో ఉన్నవి 46. అదే సమయంలో దేశమంతటా మున్సిపాలిటీల విలీనం నడిచి 428 కాస్తా 356 అయ్యాయి కాబట్టి, ఇక్కడ కూడా రెండు వేటిలోనో కలిసిపోయాయని అనుకుంటాం. కాదు. ఇక్కడ ఒక్క మున్సిపాలిటీ కూడా ఇంకోదానిలో కలవలేదు. తగ్గిన ఆ రెండూ యెవ్‌నాకర్, లున్నర్. కౌంటీ విలీనం రోజే అవి ఓస్లో వైపున్న కొత్త కౌంటీ వీకెన్‌కు వెళ్లిపోయాయి.

దాంతో ఒక పాత ప్రాంతం మధ్య గీత పడింది. రాన్స్‌ఫ్యోర్డెన్ దక్షిణాన ఉన్న హాడెలాన్ అంటే గ్రాన్, లున్నర్, యెవ్‌నాకర్ మూడూ కలిపి. పత్రిక, చరిత్ర, యాస అన్నీ ఒకటే. ఇప్పుడు గ్రాన్ ఇన్లాండెలో ఉంది, మిగతా రెండూ లేవు. కథ అంతటితో ఆగలేదు. వీకెన్ కౌంటీ ఎవరికీ నచ్చక 2024 జనవరి 1న రద్దయి మూడు ముక్కలైంది. అప్పుడు యెవ్‌నాకర్, లున్నర్ ఆకెర్స్‌హూస్‌లో పడ్డాయి. నార్వేలో ప్రతి మున్సిపాలిటీకి నాలుగంకెల కోడ్ ఉంటుంది, మొదటి రెండంకెలు కౌంటీవి. యెవ్‌నాకర్ కోడ్ మొదట 0532, తర్వాత 3053, ఇప్పుడు 3236. 1762లో మొదలైన అక్కడి గాజు కార్ఖానా ఉన్న చోటే ఉంది. కౌంటీ మాత్రం నాలుగేళ్లలో రెండుసార్లు మారింది.

సరే, ఇన్ని మార్పులతో జనానికి వచ్చే తేడా ఏమిటి? అది తెలియాలంటే ఎవరి పని ఏదో చూడాలి. అడుగున కొమ్మూనె, అంటే మున్సిపాలిటీ. మనకు మున్సిపాలిటీ అంటే పట్టణమే. అక్కడ అలా కాదు, అడవీ కొండా పల్లె అన్నీ ఏదో ఒక కొమ్మూనెలోనే ఉంటాయి. రెండాలెన్ అనే కొమ్మూనె 3,000 చదరపు కిలోమీటర్లకు పైనే ఉంటుంది, జనం 2,000 కూడా లేరు. ప్రాథమిక బడి, అంగన్‌వాడీ లాంటి శిశుకేంద్రం, ముసలివాళ్ల సంరక్షణ, కుటుంబ డాక్టరు, తాగునీరు, ఇంటి ప్లాను అనుమతి అన్నీ దాని బాధ్యతే. మామూలు మనిషికి రోజూ పని పడేది దీనితోనే.

దానిపైన ఫ్యూల్కెస్‌కొమ్మూనె, ఎన్నికైన కౌంటీ పాలక సంస్థ. మన జిల్లా పరిషత్‌ను ఊహించుకోండి, కాకపోతే చేతిలో డబ్బూ అధికారమూ ఎక్కువ. పైతరగతుల బడులు, కౌంటీ రోడ్లు, బస్సులు, ప్రభుత్వ దంత వైద్యం దీనివి. ఇది కొమ్మూనెకు పై అధికారి కాదు. రెంటికీ వేర్వేరు పనులు, వేర్వేరు ఎన్నికలు. దీని కేంద్రం హామర్.

ఇక స్టాట్స్‌ఫోర్‌వాల్టర్. ఈయన రాష్ట్రపాలకుడూ కాదు, ఎన్నికైన నాయకుడూ కాదు, కేంద్ర ప్రభుత్వం నియమించిన మనిషి. కలెక్టర్ అనుకుంటే సగం అర్థమవుతుంది. కొమ్మూనెల నిర్ణయాలు చట్టానికి లోబడి ఉన్నాయా లేదా చూడటం, వాటి మీద వచ్చే అప్పీళ్లు, పర్యావరణం, వ్యవసాయ సహాయం, విపత్తు సన్నద్ధత ఆయన కార్యాలయం చూస్తుంది. మిగతా సగం ఏమిటంటే, రోడ్లూ బస్సుల జోలికి ఆయన రాడు. 2020 చివరిదాకా ఈ పదవిని ఫ్యూల్కెస్‌మాన్ అనేవారు, 2021 నుంచి పేరు మార్చారు. ఈ కార్యాలయాల విలీనం 2019 జనవరిలోనే, కౌంటీ కలవడానికి ఏడాది ముందే అయిపోయింది. దీని కేంద్రం లిల్లెహామర్. అంటే విలీనంలో ఎవరూ అలగకుండా హామర్‌కు ఒకటి, లిల్లెహామర్‌కు ఒకటి పంచారు. పెళ్లిలో ఇరువైపులవాళ్లకూ బట్టలు పెట్టినట్టు. తమాషా ఏమిటంటే లిల్లెహామర్ అంటే 'చిన్న హామర్' అనే. 1994 శీతాకాల ఒలింపిక్స్‌తో లోకానికి తెలిసింది మాత్రం చిన్నదే.

ఊరి పేర్లతోనూ ఇలాగే తికమక. కౌంటీలో జనాభాలో పెద్ద కొమ్మూనె రింగ్‌సాకర్. ఆ పేరుతో పట్టణం వెతికితే దొరకదు, కార్యాలయం ఉన్నది బ్రుముండాల్‌లో. 85 మీటర్ల పైచిలుకు ఎత్తున 18 అంతస్తుల చెక్క భవనం కట్టారని 2019లో వార్తల్లోకొచ్చిన ఊరు అదే. హెడ్‌మార్క్ అంటే పాత కౌంటీ, హెడ్‌మార్కెన్ అంటే హామర్ చుట్టుపక్కల పొలాల ప్రాంతం. కౌంటీకి ఆ పేరు వచ్చింది ఈ చిన్న ప్రాంతం నుంచే. 'ఉత్తర లాండ్', 'దక్షిణ లాండ్' అని రెండు కొమ్మూనెలున్నాయి. అక్కడ లాండ్ అంటే ఏదో నేల అని కాదు, ఆ ప్రాంతం పేరే అది.

మిగతా శాఖల మ్యాపులు ఎవరికి వారివి. చర్చి పరంగా హామర్ బిషప్ పీఠం 1864 నుంచీ రెండు పాత కౌంటీలకూ కలిపి ఒకటే. పోలీసులు 2016లోనే కలిసి ఇన్లాండె పోలీసు జిల్లా అయ్యారు. ఉన్నత విద్యా సంస్థలు 2017లో కలిశాయి, 2024లో విశ్వవిద్యాలయం హోదా వచ్చింది. అందరికన్నా ఆలస్యంగా కలిసింది కౌంటీలే. ఆసుపత్రులది మాత్రం ఉల్టా కథ. 2003 నుంచి ఒకే సంస్థ కింద నడుస్తున్నా, దక్షిణాన ఉన్న కోంగ్స్‌వింగర్ ఆసుపత్రిని 2019లో దాన్నుంచి తీసి ఓస్లో పక్కనున్న ఆకెర్స్‌హూస్ విశ్వవిద్యాలయ ఆసుపత్రికి ఇచ్చారు. రోగులు ఎటూ రైలెక్కి అటే పోతారు కదా. మ్యోసా చుట్టూ ఉన్న పట్టణాల ఆసుపత్రుల బదులు మోల్వ్‌లో పెద్ద ఆసుపత్రి కట్టాలన్న ఆలోచన మీద ఏళ్ల తరబడి జరిగిన గొడవ చూస్తే, కౌంటీని కలపడమే తేలికనిపిస్తుంది.

ఈ గీతలన్నీ కాగితం మీద ఎలా ఉన్నా, ఒకసారి నది పొంగితే అసలు సంగతి తేలుతుంది. 2023 ఆగస్టులో హాన్స్ తుపాను వచ్చింది. ఆగస్టు 9న గ్లొమ్మా మీద, వోలెర్ కొమ్మూనెలోని బ్రాస్కెరైడ్‌ఫోస్ జలవిద్యుత్ కేంద్రం దగ్గర గేట్లు సమయానికి తెరుచుకోక నీళ్లు పైనుంచి పొర్లి ఆనకట్టలో ఒక భాగం తెగింది. ఐదు రోజులకు, ఇంకో లోయలో, రింగెబూ దగ్గర లోగెన్ మీదున్న రాండ్‌క్లెవ్ రైలు వంతెన కూలింది. లైను ముందే మూసేశారు కాబట్టి రైలేదీ లేదు. ఆ కొద్ది రోజుల్లో ఇళ్లు ఖాళీ చేయించింది కొమ్మూనె, తెగిన కౌంటీ రోడ్లు హామర్ బాధ్యత, పెద్ద రహదారీ రైలు మార్గమూ జాతీయ సంస్థలవి, వరద హెచ్చరిక దేశపు జలవనరుల సంస్థది, వీళ్లందరినీ ఒకచోట కూర్చోబెట్టే పని స్టాట్స్‌ఫోర్‌వాల్టర్‌ది. హెడ్‌మార్క్ వైపు ఒకటి, ఒప్‌లాండ్ వైపు ఒకటి జరిగినా సమన్వయం చేసింది ఒకే కార్యాలయం. విలీనాన్ని మెచ్చుకునేవాళ్లకు ఇదొక మంచి ఉదాహరణ.

మెచ్చనివాళ్లూ తక్కువేం లేరు. 2021 ఎన్నికల తర్వాత వచ్చిన ప్రభుత్వం, విడిపోవాలనుకున్న కౌంటీలు విడిపోవచ్చని చెప్పింది. వీకెన్ విడిపోయింది, వెస్ట్‌ఫోల్డ్ టెలెమార్క్ విడిపోయాయి, ఉత్తరాన ట్రోమ్స్ ఫిన్‌మార్క్ విడిపోయాయి. 11 కౌంటీలు 15 అయింది అలాగే. ఇన్లాండె కౌంటీ సభలోనూ 2022లో దీని మీద ఓటింగ్ జరిగింది. చాలా స్వల్ప తేడాతో కలిసే ఉండాలని తేలింది. వెంట్రుకవాసిలో తప్పిందన్నమాట. నాకైతే ఇది ప్రేమతో తీసుకున్న నిర్ణయంలా అనిపించదు, మళ్లీ ఇల్లు మారే ఓపిక లేక ఉండిపోయినట్టుంది.

ఇంకో మ్యాపు మిగిలింది. మ్యోసాకు అడ్డంగా 1985లో తెరిచిన మ్యోసా వంతెన ఉంది, పొడవు 1,421 మీటర్లు. ఒక ఒడ్డున రింగ్‌సాకర్ కొమ్మూనెలోని మోల్వ్, అవతలి ఒడ్డున యోవిక్ కొమ్మూనెలోని బీరి. పాత కౌంటీ సరిహద్దు ఈ నీళ్ల మధ్యలోంచి పోయేది. ఇప్పుడు రెండు ఒడ్డులూ ఇన్లాండెనే, బస్సూ ఒకటే, పోలీసూ ఒకరే. కానీ స్టోర్టింగ్ ఎన్నికలకు మాత్రం పాత 19 నియోజకవర్గాలనే ఉంచేశారు. 2025 సెప్టెంబరులో మోల్వ్‌లో వేసిన ఓటు హెడ్‌మార్క్ లెక్కలోకి వెళ్లింది, కారులో ఒకటి రెండు నిమిషాల దూరంలో వంతెన అవతల వేసిన ఓటు ఒప్‌లాండ్ లెక్కలోకి వెళ్లింది.